ఫిట్‌మెంట్

వేతన సవరణలో పాత మూలవేతనానికి కరువు భత్యం (డీఏ)తో పాటు కలిపే శాతమే ఫిట్‌మెంట్. తెలంగాణలో 2018 జులై లెక్కలో రూ.20,000 మూలవేతనానికి 30.392 శాతం డీఏ, 30 శాతం ఫిట్‌మెంట్ కలిసి రూ.32,078 అయింది. ఆ సవరణకు వేసిన బిస్వాల్ కమిషన్ సిఫారసు 7.5 శాతమే, 2021 మార్చిలో ప్రభుత్వం 30 ప్రకటించింది. ఘనమైన అంకే. కానీ 2018 జులై నుంచి 2020 మార్చి దాకా పెంపు కాగితం మీదే మిగిలింది. ఆ 21 నెలల డబ్బు టీచర్ల చేతికి రాలేదు. ఖజానా భారం తగ్గేది ఇలాగే, టీచరు మనసు విరిగేదీ ఇక్కడే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బడి జిల్లా పరిషత్తుదైనా జీతం రాష్ట్రానిదే కాబట్టి చూపులన్నీ హైదరాబాద్ వైపే. 2023 జులై నుంచి వర్తించాల్సిన సవరణకు ఆ అక్టోబరులో శివశంకర్ అధ్యక్షతన కమిషన్ వేసి, 5 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. ఈసారి శాతంతో పాటు, డబ్బు ఏ నెల నుంచి చేతికందుతుందో కూడా అడగాలి.