డాక్ కొనేముందు: బొమ్మ ఏ దారిన వెళుతుందో తెలుసుకోండి

ఒక పరిశోధక విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో లినక్స్ వాడుతోందనుకుందాం. బల్ల మీద రెండు మానిటర్లు, కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ తీగ ఉన్నాయి. వీటన్నిటినీ రోజూ తీసి పెట్టే పని తప్పుతుందని ఒక డాకింగ్ స్టేషన్ కొన్నది. ఒక్క కేబుల్ తగిలించగానే కీబోర్డు పనిచేసింది, ఇంటర్నెట్ వచ్చింది, బ్యాటరీ ఛార్జ్ అవడం మొదలైంది. మానిటర్లు మాత్రం నల్లగానే ఉండిపోయాయి. పెట్టె మీద 'యూఎస్‌బీ-సి, రెండు మానిటర్లు' అని స్పష్టంగానే రాసి ఉంది. మరి డాక్ పాడైందా? లినక్స్‌లో లోపమా? చాలా సందర్భాల్లో రెండూ కావు.

డాక్ అంటే నిజానికి ఒక పరికరం కాదు. యూఎస్‌బీ హబ్, నెట్‌వర్క్ చిప్, సౌండ్ చిప్, ఛార్జింగ్ సర్క్యూట్, వీడియో భాగం అన్నీ ఒకే డబ్బాలో సర్ది ఉంటాయి. కీబోర్డు, మౌస్, సౌండ్ వంటివి ఉమ్మడి ప్రమాణాల ప్రకారం తయారవుతాయి కాబట్టి లినక్స్ వాటిని వెంటనే గుర్తుపడుతుంది. డాకుల్లో తరచుగా కనిపించే రియల్‌టెక్ 8153 వంటి నెట్‌వర్క్ చిప్‌లకు కూడా డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. చిక్కు ఎక్కువగా వచ్చేది వీడియో దగ్గరే.

ఒకే పోర్టు, మూడు దారులు

యూఎస్‌బీ-సి అనేది కనెక్టర్ ఆకారానికి పేరు. అందులో ఏం ప్రవహిస్తుందో ఆ పేరు చెప్పదు. దానిలోని 24 పిన్నులలో కరెంటుకు కొన్ని, మామూలు వేగపు యూఎస్‌బీకి కొన్ని, అధిక వేగపు సమాచారానికి నాలుగు జతలు ఉంటాయి. ఈ జతలనే లేన్లు అంటారు. కీబోర్డు, ఛార్జింగ్ వేరే పిన్నుల మీద నడుస్తాయి కాబట్టి మానిటర్లు వెలగకపోయినా అవి పనిచేస్తాయి.

బొమ్మ మానిటర్‌కు చేరడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. ఇందులో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ నుంచి వీడియో సంకేతం నేరుగా ఈ లేన్ల మీదుగా వెళుతుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి కాబట్టి డాక్ కోసం విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఒకే సంకేతాన్ని రెండు మానిటర్లకు పంచే ఎమ్‌ఎస్‌టీ పద్ధతి కూడా లినక్స్‌కు తెలుసు. అయితే ల్యాప్‌టాప్ పోర్టులో ఆల్ట్ మోడ్ ఉండి తీరాలి. అన్ని యూఎస్‌బీ-సి పోర్టులలోనూ అది ఉండదు.

రెండవది థండర్‌బోల్ట్. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 ఇదే కనెక్టర్ మీద సెకనుకు 40 గిగాబిట్ల వేగాన్ని అందిస్తుంది. ఈ దారిన వచ్చే పరికరాలు కంప్యూటర్ మెమరీని నేరుగా అందుకోగలవు. అందుకే చాలా లినక్స్ వ్యవస్థల్లో 'బోల్ట్' అనే సర్వీసు కొత్త డాక్‌కు అనుమతి అడుగుతుంది. అనుమతి ఇవ్వకపోతే మానిటర్ వెలిగినా డాక్‌లోని యూఎస్‌బీ పోర్టులు పనిచేయకపోవచ్చు.

మూడవది డిస్‌ప్లేలింక్. ఇక్కడ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ తెర మీది బొమ్మను కుదించి, మామూలు డేటాలాగే యూఎస్‌బీ మీద పంపుతుంది. డాక్‌లోని చిప్ దాన్ని మళ్లీ విప్పి మానిటర్‌కు అందిస్తుంది. ఆల్ట్ మోడ్ లేని ల్యాప్‌టాప్‌కు ఇది పెద్ద వరమే. కానీ ఇప్పటి డిస్‌ప్లేలింక్ డాకులకు లినక్స్‌లో తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. మన విద్యార్థిని కొన్నది ఇలాంటి డాకే అయితే, డ్రైవర్ వేసేదాకా తెర నల్లగానే ఉంటుంది.

చిన్న లెక్క

4కే మానిటర్‌లో 3840 × 2160 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున సెకనుకు 60 సార్లు పంపాలంటే దాదాపు 12 గిగాబిట్లు కావాలి. డాక్ వేగవంతమైన యూఎస్‌బీని కూడా ఇస్తుంటే నాలుగు లేన్లలో రెండు దానికే పోతాయి. మిగిలిన రెండింటి మీద డిస్‌ప్లేపోర్ట్ 1.2 మోయగలిగేది సెకనుకు సుమారు 8.6 గిగాబిట్లు. అంటే ఒక 4కే మానిటర్ సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది. మౌస్ బాణం తడబడుతున్నట్టు కనిపించేది ఇందుకే. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే అవే రెండు లేన్ల మీద దాదాపు 13 గిగాబిట్లు వెళతాయి కనుక 60 ఫ్రేములు సరిగ్గా సరిపోతాయి. ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒక్కోదానికి 3 గిగాబిట్లు చాలు కాబట్టి పాత డాక్ మీద కూడా రెండు హాయిగా నడుస్తాయి.

అప్‌డేట్ తర్వాత ఏమవుతుంది?

డాక్ మొదటి రోజు పనిచేస్తే సరిపోదు. డిస్‌ప్లేలింక్ డ్రైవర్‌లో 'ఈవీడీఐ' అనే మాడ్యూల్ కెర్నెల్‌తో కలిసి పనిచేయాలి. కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నిర్మించాలి. సాధారణంగా ఇది దానంతటదే జరుగుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం లేకపోయినా, కొత్త కెర్నెల్‌తో అది పొసగకపోయినా మానిటర్లు వెలగవు. ఈ డ్రైవర్‌లో మాడ్యూల్ ఓపెన్ సోర్సే గానీ అసలు పని చేసే భాగం మూసి ఉంటుంది. అది ఆగిపోతే బయటివారు సరిచేయడం కష్టం. కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్ బాగోగులు మాత్రం కెర్నెల్‌తో పాటే సాగుతాయి.

డెబియన్ మీద ఆధారపడిన సీ-డాక్ వారి 'బాస్' లినక్స్ వంటివి వాడే కార్యాలయాలకూ, పాఠశాలలకూ ఈ తేడా ముఖ్యం. డిస్‌ప్లేలింక్ తయారీదారు అధికారికంగా ప్యాకేజీ ఇచ్చేది ఉబుంటుకు. ఇతర వ్యవస్థల్లో అది నడవడం స్వచ్ఛందంగా పనిచేసేవారి చలువ. పది డాకులు ఒకేసారి కొనే చోట ఈ సంగతి ముందే తెలియాలి.

ఎలా ఎంచుకోవాలి?

ముందుగా ల్యాప్‌టాప్ మాన్యువల్ తెరిచి ఆ పోర్టులో ఆల్ట్ మోడ్ గానీ థండర్‌బోల్ట్ గానీ ఉందేమో చూడాలి. రెండింటిలో ఏది ఉన్నా దానికి సరిపడే డాక్ తీసుకోవడం మేలు. డాక్ వివరాల్లో డిస్‌ప్లేలింక్ పేరు ఉన్నా, మానిటర్ కోసం డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయమని రాసి ఉన్నా అది మూడో దారి అని గుర్తు. ల్యాప్‌టాప్ ఛార్జర్ ఎన్ని వాట్లదో చూసుకుని, డాక్ అంత శక్తిని ల్యాప్‌టాప్‌కు పంపగలదో లేదో పోల్చుకోవాలి. లినక్స్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లు అందించే ఎల్‌వీఎఫ్‌ఎస్ జాబితాలో ఆ మోడల్ ఉంటే ఇంకా మంచిది.

ఇవన్నీ చూశాక కూడా సందేహం మిగిలితే ఒక సులువైన పరీక్ష ఉంది. పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ వేసుకుని, దుకాణంలోనే సొంత ల్యాప్‌టాప్‌ను దానితో ఆన్ చేసి డాక్ తగిలించాలి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే రెండు మానిటర్లూ వెలిగితే బిల్లు కట్టవచ్చు. ఆన్‌లైన్‌లో కొనేవారు ఇదే పరీక్షను ఇంట్లో, వాపసు గడువు ముగియకముందే చేసుకోవాలి.