పాలు చాలవన్న మాట ఎవరిది?



మన చిత్తూరు, తిరుపతి వైపు తొలికాన్పు పుట్టింట్లోనే గదా! బాలింత నోరు విప్పకముందే తల్లి అందుకుంటుంది: "నాకూ మూడు రోజులు పాలు పడలేదే. నీకు చక్కెర నీళ్ళు పోసి పెంచాను." ఆ మాట మీదే కొన్ని ఇళ్ళలో ముర్రుపాలు పిండి పారబోస్తారు. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేవి ఆ చిక్కటి పాలే. అవి కొంచెమే వస్తాయి. పసిగుడ్డు కడుపుకు ఆ కొంచెమే చాలు. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు నిండుగా పడతాయి.

రెండో కాన్పులో సొంత అనుభవమే అడ్డు తగులుతుంది. "పెద్దవాడికే చాల్లేదు, దీనికి చాలుతాయా?" అంటూ ముందే డబ్బా తెప్పించుకుంటాం. డబ్బాపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా చీకదు. చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. స్వర్ణముఖి ఇసుకలో చెలమ చూడండి, తోడేకొద్దీ గదా నీరు ఊరేది!

డబ్బాపాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది. ఇంట్లో పెద్దల నోటిమాటకు చట్టమేముంది?

అందుకే కాన్పుకు ముందే ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఆరు నెలలు తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లైనా గుడ్డలు తడుపుతూ, బరువు పెరుగుతూంటే పాలు చాలుతున్నట్టే. లేకుంటే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. అందులో తల్లి తప్పేమీ లేదు.

అమ్మలూ, అత్తగార్లూ! "చాలవు" అనే బదులు, "నేను వంట చూస్తాలే, నువ్వు బిడ్డకు పాలిచ్చి పడుకో" అనండి. బాలింతకు అంతకుమించిన పథ్యం లేదు.