ఒక్క జత... పది రకాల మంచు!

పొద్దున అద్దంలా గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి జావలా మారిపోతుంది. రాత్రి తుపాను వచ్చిందా, తెల్లారేసరికి మోకాలి లోతు! కొండ అదే. మంచే పూటకో రకం. అన్నిటికీ పనికొచ్చేలా ఒకే ఒక్క జత స్కీలు కొనాలంటే..? కాలిఫోర్నియాలో టాహో కొండలకు వెళ్లే చాలా కుటుంబాలకు చలికాలం వచ్చిందంటే ఇదే ప్రశ్న.

మా బావమరిది ఉండేది ఫ్రీమాంట్‌లో. అక్కణ్నుంచి టాహో నాలుగు గంటల ప్రయాణం. తుపాను రోజైతే ఎనిమిది గంటలైనా ఆశ్చర్యం లేదు. కూతుర్ని స్కీ స్కూల్లో చేర్పించి, తను కింద కాఫీ తాగుతూ కూర్చోలేక ముప్ఫై ఎనిమిదో ఏట తనూ నేర్చుకున్నాడు. రెండు చలికాలాలు అద్దె స్కీలతో గడిపాడు. ప్రతి శనివారం పొద్దున్నే అద్దె దుకాణం ముందు గంటసేపు వరసలో నిలబడి విసిగిపోయాడు. ఇక సొంతంగా కొనేద్దామనుకున్నాడు. రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూశాడు. వాటిల్లో కుర్రాళ్లు కొండకొమ్ముల మీంచి దూకి, మెత్తటి మంచులో తేలిపోతుంటారు. అలాంటి స్కీలే ఓ దుకాణంలో సగం ధరకు దొరికాయి. ఇంకేం, తెచ్చేసుకున్నాడు.

ఆ శనివారం నేనూ వాళ్లతో ఉన్నాను. అప్పటికి రెండు వారాలుగా కొత్త మంచు పడలేదు. ఉన్నది బిగుసుకుపోయి సిమెంటు గచ్చులా ఉంది. సాయంత్రం గదికొచ్చి మోకాలి మీద ఐసు ముక్కల సంచీ పెట్టుకుంటూ అన్నాడు: ‘‘ఇవి స్కీలు కాదు బావా, పడవలు!’’

మాట సరదాగా ఉన్నా మోకాలి వాపు మాత్రం వారం రోజులు తగ్గలేదు.

నడుము కొలతే కీలకం!

ఏ స్కీ మీదైనా మూడు అంకెలు వరసగా ఉంటాయి. 130-96-119... ఇలా. ముందు భాగం, మధ్య భాగం, వెనక భాగం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతాయవి. వీటిలో అసలైనది మధ్య అంకె. స్కీ నడుము అన్నమాట. అది 85కి లోపుంటే గట్టి మంచుకు మేలు. 105 దాటితే లోతైన కొత్త మంచుకు. ఈ రెంటికీ నడుమ ఉన్నవాటినే కొండంతటికీ పనికొచ్చేవిగా, ‘ఆల్ మౌంటెన్’ అని అమ్ముతుంటారు. మావాడు తెచ్చినవి 112!

వెడల్పు ఎక్కువైతే ఏమవుతుంది? గట్టి మంచు మీద మలుపు తిరగాలంటే స్కీని పక్కకు వాల్చి దాని ఉక్కు అంచును మంచులోకి దించాలి. నడుము సన్నగా ఉంటే ఆ అంచు ఇంచుమించు పాదం కిందే ఉంటుంది. వెడల్పయ్యేకొద్దీ బూటు దాటి బయటికి జరుగుతుంది. అప్పుడు వాల్చిన ప్రతిసారీ చీలమండ, మోకాలు అదనపు బలం పెట్టాలి. రోజుకు కొన్ని వందల మలుపులు! అదే వెడల్పు, మోకాలి లోతు మంచులో మనిషిని మునగకుండా పైకి తేలుస్తుంది. అంటే మావాడి స్కీల్లో లోపమేమీ లేదు. అవి పనికొచ్చే రోజు వేరే.

అలాంటి రోజులు ఎన్నొస్తాయి? టాహో మంచుకు కొదవేం లేదు. డోనర్ కనుమ దగ్గర బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారి మంచు పరిశోధన కేంద్రం ఉంది. 2022-23 చలికాలంలో అక్కడ 754 అంగుళాల మంచు పడింది. దాదాపు 63 అడుగులు! పైగా పసిఫిక్ గాలులు తెచ్చే తేమతో ఇక్కడి మంచు తరచూ బరువుగా ఉంటుంది. ‘సియెర్రా సిమెంట్’ అని దానికి ముద్దుపేరు. కానీ అదంతా మనకు సెలవున్న రోజే పడదుగా! మావాడు తన ఫోనులో లెక్క చూసుకున్నాడు. ముందటేడాది కొండెక్కింది పదకొండు రోజులు. కొత్త మంచు దొరికింది రెండే రెండు రోజులు. మిగతా తొమ్మిదీ రాత్రిపూట యంత్రాలతో దువ్వి చదును చేసిన బాటల మీదే. ఈ లెక్కేదో ముందే చేసుంటే ఒక జత డబ్బు మిగిలేది.

ఆ కొండ మీదే చరిత్ర

మావాళ్లు వెళ్లే పాలిసేడ్స్ టాహోను 2021 దాకా స్క్వా వ్యాలీ అనేవారు. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగింది అక్కడే. ఆ పోటీల్లో ఫ్రాన్సుకు చెందిన జాన్ వ్వార్నే లోహపు స్కీలతో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచాడు. అంతకుముందు ఒలింపిక్స్‌లో లోహపు స్కీల మీద ఎవరూ స్వర్ణం గెలవలేదు. పదేళ్ల ముందు, 1950లో హోవర్డ్ హెడ్ అనే అమెరికన్ విమానాల ఇంజినీరు లోహపు పొరలు అతికించిన స్కీలను అమ్మకానికి తెచ్చాడు. ఇప్పటికీ చాలా స్కీల లోపల పల్చటి ‘టైటనాల్’ రేకు ఉంటుంది. పేరు విని టైటానియం అనుకునేరు, అది అల్యూమినియం మిశ్రమం. రేకున్న స్కీ వేగంలోనూ వణకదు. కానీ బరువు. మీ కాళ్లలో సత్తా లేకపోతే అది మీ మాట వినదు.

రెండో మార్పు నడుముది. ఒకప్పటి స్కీలు రెండు మీటర్ల పొడవుతో, దాదాపు తిన్నగా ఉండేవి. 1990ల తొలినాళ్లలో స్లొవేనియా కంపెనీ ఎలాన్ నడుము బాగా నొక్కి, కొసలు వెడల్పు చేసింది. పక్కకు వాలిస్తే చాలు, స్కీ తనంతట తనే తిరగడం మొదలుపెట్టింది. స్కీ మీద ‘17 మీ.’ అని రాసుంటే అంచు వంపు అంత వ్యాసార్ధమున్న వృత్తానిదని అర్థం. అంకె తగ్గేకొద్దీ మలుపు చిన్నదవుతుంది.

మూడోది మళ్లీ ఈ కొండ మనిషిదే. స్క్వా వ్యాలీలో స్థిరపడిన షేన్ మెకాంకీ, నీళ్ల మీద జారే స్కీల్ని చూసి మంచుకూ అలాంటిదే కావాలన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. 2002లో ‘స్పాచులా’ పేరిట అది బజారుకొచ్చింది. కొసలు రెండూ పైకి లేచిన అరటి దొప్పలా ఉండేది! మెకాంకీ 2009లో ఇటలీ కొండల్లో ఓ సాహస విన్యాసం చేస్తూ చనిపోయాడు. ఆయన పట్టుబట్టిన ఆ కొస వంపు, ‘రాకర్’, ఇవాళ మామూలు స్కీల్లోకీ వచ్చేసింది.

దుకాణంలో దీన్ని కనిపెట్టడం తేలికే. జతలోని రెండు స్కీలనూ అడుగు వైపులు కలిపి పట్టుకోండి. మధ్యలో సందు కనిపిస్తే గట్టి మంచును పట్టే వంపు ఉన్నట్టు. కొసల దగ్గర అవి ఎంత ముందుగా విడిపోతే రాకర్ అంత ఎక్కువ. ఒక్క జతే కొనేవాళ్లకు మధ్యలో సందు, ముందు కొసలో కాస్త రాకర్, వెనక ఇంకా తక్కువ... ఈ అమరిక నయం. పొడవు గడ్డానికీ నడినెత్తికీ మధ్య ఎక్కడున్నా పర్వాలేదు. బరువైనవాళ్లు, వేగంగా పోయేవాళ్లు పైకి, కొత్తవాళ్లు కిందికి. టాహో కుటుంబాలకైతే నడుము 88 నుంచి 96 మధ్య చూసుకోమంటాను. అంతకన్నా వెడల్పు కావాలని మనసు లాగితే సెలవుల లెక్క ఇంకోసారి చూసుకోండి!

ముందు బూటు...

స్కీలకు డబ్బంతా పోసేసి బూట్ల దగ్గర పిసినారితనం చేసేవాళ్లే ఎక్కువ. తిరగబడిన లెక్కది. మీ కాలు చెప్పేది స్కీకి చేరవేసేది బూటే. సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచును తాకీ తాకనట్టుండాలి. మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. పల్చటి మేజోళ్లు ఒక్క జతే. చలికి భయపడి రెండు తొడిగితే పాదం లోపల ఆడుతుంది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను మాత్రం దుకాణంలోని నిపుణుడితోనే బిగింపు పెట్టించుకోవాలి. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరెంత దూకుడుగా స్కీయింగ్ చేస్తారు అనేవన్నీ చూసి అంకె పెడతారు. ఇక్కడ బరువు తగ్గించీ, ప్రతాపం పెంచీ చెప్పేవాళ్లుంటారు! బిగింపు తక్కువైతే మలుపు మధ్యలో ఊడుతుంది. ఎక్కువైతే పడ్డప్పుడు ఊడదు. మంచి బైండింగ్స్ వచ్చాక కాలి ఎముకలు విరగడం బాగా తగ్గింది కానీ, మోకాలి లోపలి లిగమెంట్‌కు వాటి రక్షణ అంతంతమాత్రమే. చవగ్గా వచ్చాయని మరీ పాత స్కీలు కొంటే వాటి బైండింగ్‌ను చాలా దుకాణాలవాళ్లు ముట్టుకోనే ముట్టుకోరు.

పిల్లలకు కొనకండి. ‘ఎదిగే పిల్ల కదా’ అని రెండు సైజులు పెద్దది తీసుకునే మన అలవాటు ఇక్కడ ప్రమాదం. చలికాలమంతటికీ కలిపి అద్దెకిచ్చే దుకాణాలు ఉంటాయి. పెద్దలు కూడా కొనేముందు నచ్చిన రెండు మూడు రకాలు ఒక్కోరోజు అద్దెకు తీసుకుని చూస్తే మంచిది.

కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్తున్నామంటారా? గొండోలా రెండో దశలో దాదాపు 4 వేల మీటర్ల ఎత్తుకు చేరితే అక్కడ దువ్విన బాటలు కావు, లోతైన మంచే ఎక్కువ. హిమపాతాల భయమూ ఉంటుంది కాబట్టి గైడ్ లేకుండా అటు పోవద్దు. అక్కడైతే వెడల్పు స్కీలదే రాజ్యం.

మా బావమరిది ఆ పడవల్ని అయినకాడికి అమ్మేసి 92 నడుమున్నవి కొన్నాడు. మోకాలు కుదుటపడింది. నిరుడు ఫిబ్రవరిలో ఒకరోజు వాళ్లు వెళ్లేసరికి రాత్రికి రాత్రే రెండడుగుల మంచు పడింది. కొత్త స్కీలతో పదిసార్లు కూరుకుపోయి, చివరికి మళ్లీ అద్దె దుకాణం వరసలోనే నిలబడి వెడల్పువి తెచ్చుకున్నాడట. ఆ సాయంత్రం ఫోన్లో వాళ్లమ్మాయి కిసుక్కున నవ్వుతూ చెప్పింది... ‘‘మావయ్యా, నాన్న ఇవాళ తన పడవల్ని తలచుకుని బాధపడ్డాడు!’’