పూల పరిమళం – ఎన్ని చుక్కలు?

మల్లె, గులాబి, సంపెంగల వాసన ఇష్టపడనివారు మన ఇళ్ళలో అరుదు. సబ్బు, ఒంటికి రాసుకునే నూనె, ముఖానికి క్రీము, కొవ్వొత్తులు ఇంట్లోనే తయారుచేసుకునే గృహిణులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కొందరు ఇరుగుపొరుగులకు అమ్ముతున్నారు కూడా. వీటికి వాసన కోసం చిన్న సీసాల్లో దొరికే పూల నూనె కలుపుతారు. "పూల వాసనే కదా, హాని ఏముంటుంది?" అనుకోవడం సహజం. కాని సౌందర్య సాధనాలు పడక దురద, దద్దుర్లతో చర్మవైద్యుల దగ్గరకు వచ్చేవారిలో తరచుగా కనిపించే కారణాల్లో సువాసన ద్రవ్యాలు ముఖ్యమైనవి. ఒక పదార్థం ఒకసారి చర్మానికి పడకుండా పోతే ఆ గుణం సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. అందుచేత సీసా మూత తీసేముందే కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

సీసాలో ఉన్నది ఏమిటి?

బజారులో పూల నూనె పేరుతో అమ్మేవి ఒకటే రకం కావు. గులాబి వంటి పూలను నీటితో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి తీసే నూనె ఒకటి. ఒక కిలో గులాబి నూనెకు మూడు నాలుగువేల కిలోల పూలు కావాలి. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఈ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. మల్లెజాతి పూలు ఆ వేడికి తట్టుకోవు గనుక వాటి సారాన్ని ద్రావకాలతో తీస్తారు. ఈ రెండూ చాలా ఖరీదైనవి. తక్కువ ధరకు దొరికే 'మల్లె నూనె', 'గులాబి నూనె' చాలావరకు కర్మాగారాల్లో రసాయనాలు కలిపి చేసిన మూడో రకం.

అంతమాత్రాన మూడో రకం చెడ్డదనీ, మొదటిది నిరపాయకరమైనదనీ అనుకోకూడదు. గులాబి నూనెలో సహజంగా ఉండే జెరానియాల్, సిట్రొనెల్లాల్, లినలూల్ అనే పదార్థాలే కర్మాగారపు నూనెలోనూ ఉంటాయి. రెండింటితోనూ దద్దుర్లు రావచ్చు. అగరుబత్తీలకు, గదిలో వాసనకు అమ్మే నూనెలను మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒంటికి వాడే వస్తువుల్లో కలపకూడదు.

జపాన్ నేర్పిన పాఠం

1970 ప్రాంతాల్లో జపాన్‌లో అనేకమంది స్త్రీల ముఖాల మీద గోధుమ, బూడిద రంగు మచ్చలు పరచుకున్నాయి. వైద్యులు ఒక్కొక్క పదార్థాన్నీ పరీక్షించి చూడగా, కారణాల్లో కొన్ని రంగులతోపాటు మల్లెజాతి పూల సారం, ఇలాంగ్ ఇలాంగ్ పూల నూనె, బెంజైల్ సాలిసిలేట్ అనే సువాసన ద్రవ్యం ఉన్నట్టు తేలింది. 1977 నుంచి అక్కడి పెద్ద కంపెనీలు వీటిని తొలగిస్తూ వచ్చాక ఆ జబ్బు బాగా తగ్గింది. మన దేశంలో కొందరికి కుంకుమ పెట్టుకునే చోట చర్మం నల్లబడడం కూడా ఇటువంటిదే. ఇందులో దురద కనిపించకపోవచ్చు. నలుపు మాత్రం నెలల తరబడి వదలదు.

లిల్లీజాతి పూల వాసన ఇచ్చే లిలియల్ అనే రసాయనాన్ని సంతానోత్పత్తికి హాని చేయవచ్చనే కారణంగా ఐరోపా దేశాల సమాఖ్య 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. కాబట్టి కొనేటప్పుడు నూనెలో ఏమేమి ఉన్నాయో, చర్మానికి ఎంత శాతం వరకు వాడవచ్చో తెలిపే కాగితం అడగండి. అది ఇవ్వలేని దుకాణంలో కొనకండి.

దద్దుర్లు వెంటనే రావు

"నెల నుంచి వాడుతున్నాను, ఏమీ కాలేదు, ఇప్పుడెందుకు వచ్చింది?" అని చాలామంది అడుగుతారు. శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తించడానికి సాధారణంగా పది, పదిహేను రోజులు పడుతుంది. ఒక్కొక్కప్పుడు నెలలు, సంవత్సరాలు కూడా పట్టవచ్చు. ఆ తరువాత అది తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల్లో దురద, ఎరుపు, పొక్కులు కనిపిస్తాయి.

పాతబడిన నూనె మరింత ప్రమాదకరం. లినలూల్ వంటివి గాలి తగిలి మారిపోయి, చర్మానికి మరింత పడని పదార్థాలుగా తయారవుతాయి. నూనెను ముదురురంగు సీసాలో, మూత బిగించి, చల్లనిచోట ఉంచండి. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. వాసన మారితే పారవేయండి.

కొలత తప్పకూడదు

ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. చుక్కల కొలత అన్ని సీసాలకూ ఒకటి కాదు గనుక చిన్న త్రాసు ఉంటే మేలు. కాగితంలో ఇంతకంటే తక్కువ శాతం రాసి ఉంటే ఆ లెక్కే పాటించాలి.

సబ్బు: 100 గ్రాములకు 1 గ్రాము చాలు. 2 గ్రాములు మించవద్దు.

ఒంటి నూనె: 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకో నువ్వులనూనెకో 10 చుక్కలు.

ముఖానికి క్రీము: వాసన లేకుండా ఉంటేనే మంచిది. తప్పదనుకుంటే 100 గ్రాములకు 5 చుక్కలు. కనురెప్పలకు, పెదవులకు వాడేవాటిలో అసలే వద్దు.

స్నానపు నీళ్ళలో నేరుగా చుక్కలు వేయకండి. నూనె నీటిలో కరగదు. పైన తేలి, కలపని నూనెగానే ఒంటికి అంటుకుంటుంది.

కాస్టిక్ సోడాతో సబ్బు చేసేవారు సోడాను నీళ్ళలో వేయాలి గాని, సోడా మీద నీళ్ళు పోయకూడదు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు. సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిచ్చి వాడాలి.

కొవ్వొత్తులకు 100 గ్రాముల మైనానికి 5, 6 గ్రాముల నూనె సరిపోతుంది. మైనాన్ని మంట మీద నేరుగా కాకుండా వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పిన తరువాతే నూనె కలపాలి. మైనం అంటుకుంటే నీళ్ళు పోయకండి, మూత పెట్టి ఆర్పండి. ఉబ్బసం ఉన్నవారి గదిలో, తలుపులు మూసిన గదిలో వాసన కొవ్వొత్తులు వెలిగించవద్దు.

ఏడు రోజుల పరీక్ష

కొత్తగా చేసిన క్రీము లేదా ఒంటి నూనెను ముందు మోచేయి లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాయండి. సబ్బయితే అదే చోట రుద్ది కడిగేయండి. సీసాలోని నూనెను నేరుగా రాసి పరీక్షించకూడదు. ఒక్క రోజు చూసి సరేనని వదిలేస్తే లాభం లేదు.

పసిపిల్లలకు, ఎగ్జిమా ఉన్నవారికి, గాయాలున్న చర్మానికి ఈ నూనెలు వాడకండి. గర్భిణులు డాక్టరును అడిగి వాడాలి. పిల్లలు నూనె తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సీసా వెంట తీసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

దద్దుర్లు వస్తే?

అన్నిటికంటే ముందు ఆ వస్తువు వాడడం మానండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన స్టిరాయిడ్ క్రీములు ముఖానికి రాయకండి. వాటివల్ల చర్మం పలచబడి, మొటిమలు వచ్చి, కొత్త బాధ మొదలవుతుంది. తగ్గకపోతే చర్మవైద్యుణ్ణి కలవండి. అనుమానమున్న పదార్థాలను వీపుమీద పట్టీలతో అంటించి, రెండు రోజుల తరువాత తీసి, మరో రెండు రోజులకు మళ్ళీ చూసే పరీక్ష ఉంది. దానితో ఏది పడదో చాలావరకు తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు మీరు వాడే సబ్బు, క్రీము, నూనె సీసాలన్నీ తీసుకువెళ్ళండి.

సున్నిపిండి అలవాటున్న ఇళ్ళలో నీడన ఎండబెట్టిన గులాబి రేకులు, కచ్చూరాలు కలిపి విసురుకోవచ్చు. వాసన తేలికగా ఉంటుంది, స్నానంతో పోతుంది. దానికీ మొదట ఏడు రోజుల పరీక్ష చేసుకోవాలి. మీరు చేసినవి ఇతరులకు ఇచ్చేవారైతే ఏ నూనె కలిపారో, ఎంత కలిపారో, ఎప్పుడు చేశారో చీటీమీద రాసి అంటించండి. ఎవరికైనా దద్దుర్లు వచ్చి డాక్టరు దగ్గరకు వెళితే, కారణం కనిపెట్టడానికి ఆ చీటీయే మొదటి ఆధారం.