సైరన్ ఆగిన తరువాత

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన వారెవరికీ ప్రమాద సూచక సైరన్ కొత్త కాదు. అర్ధరాత్రి అది మోగగానే క్వార్టర్లలో దీపాలు వెలుగుతాయి. సహాయక రైలు బయలుదేరుతుంది. పని ముగించుకొని ఇల్లు చేరిన మనిషి మనస్సు ఏ స్థితిలో ఉన్నదో మాత్రం మనం అంతగా ఆలోచించం. ఆ విషయమే ఇక్కడ పాఠక మిత్రులతో ముచ్చటించదలచాం.

1997 సెప్టెంబరు 14న చాంపా సమీపంలో అహ్మదాబాద్–హౌరా ఎక్స్‌ప్రెస్ బోగీలు వంతెన మీదినుండి నదిలో పడిపోగా దాదాపు 80 మంది మరణించారు. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ చేరువలో మెము ప్యాసింజరు గూడ్సు బండిని ఢీకొని పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతులలో ఆ ప్యాసింజరు లోకో పైలట్ కూడా ఒకరు. ఇటువంటి చోట్ల బోగీలను కోసి క్షతగాత్రులను వెలికితీసే వారిలో మనవంటి ఉద్యోగులూ ఉంటారు. పెద్ద ప్రమాదమే కానక్కరలేదు. పట్టాలపై మనిషి కనిపించినా బండిని ఆపలేకపోయిన లోకో పైలట్‌కూ, ఆ దేహాన్ని తొలగించిన ట్రాక్‌మన్‌కూ అదే వేదన.

2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ వద్ద జరిగిన ఘోర ప్రమాదం తరువాత, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం అధిపతి ఒక సంగతి బహిరంగంగా చెప్పారు. తమ జవాన్లలో ఒకరికి నీటిని చూసినప్పుడల్లా రక్తంగా తోస్తున్నదనీ, మరొకరికి ఆకలి నశించిందనీ ఆయన తెలిపారు. శిక్షణ పొందిన జవాన్లకే ఇట్లున్నప్పుడు, దీనిని పిరికితనమని ఎవరు అనగలరు?

ఇటువంటి వేళ మొదటి ఆసరా కాగలిగినవాడు అదే పని చేసిన సహోద్యోగి. అతనికి జరిగినదంతా వివరించనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శిక చూడడం, వినడం, కలపడం అనే మూడు సూత్రాలు చెప్పింది. ఎవరు నలిగిపోతున్నారో చూడాలి. చెప్పినంత వరకు వినాలి. అవసరమైతే వైద్యునితో, ఆత్మీయులతో కలపాలి. బలవంతంగా మాట్లాడించరాదు. ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగినది చెప్పించే పద్ధతి మేలు చేయకపోగా, కొందరికి కీడు కూడా చేయవచ్చునని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

విన్న మాట గడప దాటరాదు. “డ్యూటీ నుంచి తప్పిస్తారేమో, నలుగురూ నవ్వుతారేమో” అన్న భయమే చాలామంది నోరు కట్టివేస్తున్నది. “నాకూ అలాగే అయింది, అన్నా” అని ఒక సీనియర్ చెప్పే మాట ఆ భయాన్ని సగం తగ్గిస్తుంది.

ఇంటివారి పాత్రా తక్కువ కాదు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, అకారణ కోపం, మద్యం పెరగడం వారాల తరబడి సాగితే దానిని స్వభావమని సరిపెట్టుకోరాదు; రైల్వే ఆసుపత్రి వైద్యుని సలహా పొందాలి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత సేవలో 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రాణాలు తీసుకోవాలన్న మాట నోట వచ్చిందంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం తగదు. ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు.

సహాయక రైలులోని జాకీలనూ, దీపాలనూ తిరిగి రాగానే పరీక్షించి సరిచేసి ఉంచుతాం. వాటిని పట్టిన చేతులు గల మనిషికీ అంతటి శ్రద్ధ దక్కాలి. మరుసటి సాయంత్రం అతని క్వార్టరు తలుపు తట్టి, కాసేపు పక్కన కూర్చుందాం.