ఎండా... చెంబెడు నీళ్లూ!

రంగద్దిన నూలును ఎండలో వదిలేస్తే ఏమవుతుందో ఎమ్మిగనూరు నేతన్నలకు ఎవరూ చెప్పక్కర్లేదు. రంగు వెలిసిపోతుంది. అదే ఎండను ఓ రంగుపొడికి పట్టించి, దాంతో నీటి నుంచి హైడ్రోజన్ ఇంధనం తీయాలని శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నారు. వాళ్లకూ అడ్డుపడుతున్నది ఈ వెలిసిపోవడమే!

‘ఎండ సరే... నీళ్లేవీ?’ ఆదోనిలో ఈ సంగతి చెబితే ముందుగా వచ్చే ప్రశ్న అదే. న్యాయమైనదే. తాగునీటికి తుంగభద్ర దిగువ కాలువ వైపు చూసే ఊళ్లవి. వానలు ముఖం చాటేస్తే ఇళ్లకు తాళాలేసి సుగ్గికని గుంటూరు బాట పట్టే పల్లెలు చుట్టూ ఉన్నాయి. కానీ లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కిలో హైడ్రోజన్‌లోకి చేరే నీరు 9 లీటర్లే. ఆ కిలోలో ఉండే శక్తి నాలుగు లీటర్లకు కాస్త తక్కువ పెట్రోలుతో సమానం. అలాగని నీళ్లే ఇంధనమనుకోకండి. శక్తి ఎండది, నీరు దాన్ని దాచుకునే గిన్నె మాత్రమే.

తెల్లపొడి నుంచి రంగుపొడికి

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌పై కాంతి పడితే నీరు విడిపోతుందని చూపించారు. మన గోడల తెల్ల పెయింట్లలో ఉండేది అదే. తెలుపు కదా, ఎండను చాలామటుకు వెనక్కి కొట్టేస్తుంది. అది వాడుకోగలిగింది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో వాటి వంతు వందకు ఐదు పాళ్లు!

అందుకే రంగున్న పాలిమర్ల మీద చూపు పడింది. ఇవి ప్లాస్టిక్ జాతివే అయినా విద్యుత్తును నడిపిస్తాయి. 2016లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో హైనింగ్ టియాన్ బృందం పాలిమర్ నానోకణాలను నీళ్లలో కలిపి, కాంతి సోకించి హైడ్రోజన్ తీసింది. అంత చిన్న కణాలెందుకంటారా? కాంతి లేపిన శక్తి పాలిమర్‌లో పది నానోమీటర్ల దూరమైనా పోకుండానే చల్లారిపోతుంది. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. కణం చిన్నదైతే ఎలక్ట్రాన్ ఆలోగా అంచుకు చేరుతుంది. అక్కడ హైడ్రోజన్ పుడుతుంది.

2020లో సౌదీలోని కాస్ట్ విశ్వవిద్యాలయ బృందం మరో తమాషా కనిపెట్టింది. కణాల తయారీలో వాడే సబ్బులాంటి పదార్థాన్ని మార్చేసరికి, కణంలోని రెండు రకాల పదార్థాలు చక్కగా కలగలిసిపోయాయి. హైడ్రోజన్ పది రెట్ల దాకా పెరిగింది. మార్చింది సబ్బునే!

డాబా లెక్క

ఇవన్నీ ప్రయోగశాల ముచ్చట్లు. ఆరుబయట జరిగిన పెద్ద ప్రయోగం టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కజునారి డోమెన్ బృందానిది. అక్కడ వాడింది పాలిమర్ కాదు, స్ట్రాన్షియం టైటనేట్ అనే ఖనిజపు పొడి. 100 చదరపు మీటర్ల పలకలు పరిచి, 2021లో ఫలితాలు ప్రకటించారు. హైడ్రోజన్‌గా మారింది ఎండలో గరిష్ఠంగా 0.76 శాతం.

అంతే విస్తీర్ణమున్న ఆదోని డాబా మీద, అదే సామర్థ్యంతో పరిచామనుకుందాం. మంచి ఎండకాసిన రోజున వచ్చేది 120 గ్రాములకు అటూఇటూ. అందులోకి చేరే నీరు చెంబెడు! కాబట్టి కరవు సీమలోనూ కొరత నీటిది కాదు, సామర్థ్యానిది. ఎందుకంటే అదే డాబా మీద సోలార్ ఫలకాలు పెట్టి, ఆ కరెంటుతో నీటిని విడగొడితే కిలోన్నర దాకా వస్తుంది. ఈ పొడులు వాటికి పోటీ రావాలంటే చాలా దూరం నడవాలి.

విటమిన్-సి కిటుకు

‘నీటి నుంచి హైడ్రోజన్’ అనే వార్తల్లో తరచూ మరుగునపడే సంగతొకటుంది. పాలిమర్ కణాలతో పైన చెప్పిన రెండు ప్రయోగాల్లోనూ నీళ్లలో విటమిన్-సి కలిపారు. ఎలక్ట్రాన్ పోగా మిగిలిన ఖాళీని అది పూడుస్తూ తాను ఖర్చయిపోతుంది. హైడ్రోజన్ వస్తుంది కానీ ఆక్సిజన్ రాదు. అంటే నీటిని పూర్తిగా చీల్చినట్టు కాదు. విటమిన్-సి పోసి ఇంధనం తీయడం, నెయ్యి పోసి దీపం పెట్టినట్టే ఖరీదైన పని.

ఆదోనికి దగ్గర్లో ఈ దారిన నడుస్తున్నది కడప. యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.వి.శంకర్ బృందం టైటానియం డయాక్సైడ్‌కు రాగి ఆక్సైడ్ జోడించి, గ్లిజరాల్ కలిపిన నీటి నుంచి ఎండలోనే హైడ్రోజన్ తీసింది. గ్లిజరాల్ బయోడీజిల్ తయారీలో మిగిలేదే కాబట్టి, ఖర్చయినా బాధ లేదు. నాకైతే ఈ తెలివి నచ్చింది.

ఇక రంగు వెలవడం సంగతి. కాంతి, ఆక్సిజన్ కలిస్తే పాలిమర్ కణాలు మెల్లగా పాడైపోతాయి. డాబా మీద పెట్టే సోలార్ ఫలకానికి పాతికేళ్ల వారంటీ ఇస్తున్నారు. ఈ రంగుపొడుల ఆయుష్షును మాత్రం ప్రయోగశాలలు ఇప్పటికీ ఎక్కువగా గంటల్లోనే లెక్కగడుతున్నాయి.