చెరిపేసిన అక్షరం ఎక్కడికి పోతుంది?

"ఒకే డాక్యుమెంటులో ఇద్దరం ఒకేసారి టైపు చేస్తుంటే అక్షరాలు కలగాపులగం ఎందుకు కావు?" అని ఒక పాఠకురాలు అడిగారు. వెబ్ అప్లికేషన్ల గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలియదు.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. మీరు కొట్టిన అక్షరం సర్వర్ అనుమతి కోసం ఆగదు. వెంటనే మీ తెరమీద పడుతుంది, కబురు ఆ తర్వాత వెళ్తుంది. చిక్కంతా ఆ కబురు దారిలో ఉన్న కాసేపట్లోనే.

తెరమీద 'కడప' అని ఉంది. సీత దాని ముందు 'మన' కొట్టి ఖాళీ వదిలింది. సరిగ్గా అప్పుడే రవి చివర 'లో' చేర్చాడు. రవి పంపే కబురు: 'మూడో స్థానం తర్వాత లో'. అది చేరేసరికి సీత దగ్గర 'మన కడప' ఉంది. మ, న, ఖాళీతోనే మూడు స్థానాలూ నిండాయి. కబురును ఉన్నదున్నట్టు పాటిస్తే రవికి 'మన కడపలో', సీతకేమో 'మన లోకడప'! అందుకే సీత కంప్యూటర్ ఆ కబురును ముందుగా సవరిస్తుంది: ఇక్కడ ముందు మూడు చేరాయి కాబట్టి మూడు కాదు, ఆరు. ఇదే ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. గూగుల్ డాక్స్ నడిచేది దీనిమీదే.

చిన్న కూడికలా కనిపిస్తుంది గానీ మహామహులు ఇక్కడ బోల్తాపడ్డారు. ఒకరు ఒక మార్పు, ఇంకొకరు రెండు మార్పులు చేస్తేనే 1989 పద్ధతి తప్పింది. తర్వాతివాళ్లు సరిదిద్దామన్నారు. 2003లో ఫ్రాన్స్‌లో ఇమీన్ అనే పరిశోధకుడి బృందం అలాంటి సూత్రాలను రుజువులు వెతికే ప్రోగ్రాముకు అప్పగిస్తే, అది వాటిలోనూ తప్పులు పట్టింది.

ఆ తప్పుల్లో ఒకటి ఎంత అందమైనదో చూడండి. 'పలక'లో ఒకరు 'ల'కు ముందు, ఇంకొకరు 'ల' తర్వాత ఒక్కో అక్షరం చేర్చారు. మూడో మనిషి 'ల'నే చెరిపేశాడు. ఇప్పుడు అతని తెరమీద రెండు చేర్పులకూ స్థానం ఒక్కటే. ఏది ముందు? చిన్న ఐడీ ఉన్నవారిది ముందు అని తేల్చేస్తే, మిగతా తెరల మీద వరుస తలకిందులుగా ఉండొచ్చు. అసలు వరుస తెలిసింది ఒక్క 'ల'కే. దాన్నేమో చెరిపేశాం!

2006లో ఇమీన్, సహచరులు వూట్ అనే పద్ధతితో జవాబిచ్చారు: చెరపకండి, దాచండి. ప్రతి అక్షరానికీ స్థానసంఖ్యకు బదులు ఎన్నటికీ మారని గుర్తింపు ఇవ్వండి. చెరిపిన అక్షరం కంటికి కనబడకుండా అక్కడే ఉండి, ఇరుగుపొరుగు ఎవరో చెబుతూ ఉంటుంది. ఈ కోవలోని పద్ధతులకే తర్వాత సీఆర్‌డీటీలని పేరొచ్చింది. నెట్ పోయినా పని ఆగని అప్లికేషన్లు కొన్నిటికి ఇవే ఆధారం.

తెలుగువాడిగా నాకొక ఫిర్యాదు ఉంది. కంప్యూటరు లెక్కలో గుణింతపు గుర్తు కూడా విడి అక్షరమే. 'తాతక' అని ఆగిపోయిన మాటను ఒకరు 'తాతకి' అని, మరొకరు 'తాతకు' అని ఒకేసారి దిద్దితే, రెండు గుర్తులూ ఒకే 'క'కు తగులుకుంటాయి. అన్ని తెరల మీదా అదే కనిపిస్తుంది, కాబట్టి గణితం నెగ్గినట్టే. కానీ అది తెలుగు కాదు. ఇలాంటిచోట ఎడిటర్ తనంతట తాను కలిపేయకుండా ఆగి, ఆ ఇద్దరినీ అడగాలి.